న్యాయంగా ఆడిన ఆటలో గెలిచిన డబ్బు ధర్మసమ్మతమేనా?

కృష్ణా జిల్లా నుండి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. ఆమె పెద్ద కొడుకు సింగపూర్‌లో ఓడల మరమ్మతు పనిలో ఉన్నాడు. సెలవు మీద ఇంటికి వస్తూ, అక్కడి చైనా మేస్త్రీ తనకు బహుమతిగా ఇచ్చిన ఒక పెట్టెను వెంట తెచ్చాడు. నున్నటి చెక్క పెట్టె, ఇత్తడి పిడులు, ఐదు సొరుగులు. నాలుగు సొరుగుల నిండా వేలి కణుపంత బిళ్లలు. వాటి మీద చెక్కిన బొమ్మలు, చైనా అక్షరాలు, పువ్వులు చూసి పిల్లలు మురిసిపోయారు. ఆ ఇంట్లో పేకముక్క కూడా ఎవరూ ముట్టరు. కనుక మొదట ఎవరికీ అనుమానం రాలేదు. పిల్లల దాదీ ఒక్కరే ఐదో సొరుగు లాగి, అందులో ఉన్న సన్నటి ఎముక పుల్లలను అరచేతిలో వేసుకొని, "ఇవి దేనికి బేటా?" అని అడిగారట.

"లెక్క పెట్టుకోవడానికి దాదీ."

"దేని లెక్క?"

మనవడు దానికి జవాబు చెప్పలేదట. పెట్టె అలమరా మీదికి చేరింది. దాన్ని ఇంట్లో ఉంచవచ్చా, తీసివేయాలా, అమ్మితే ఆ డబ్బు హలాలేనా అని ఆ సోదరి అడిగారు.

ఒక్క వాక్యంలో జవాబు రాసి పంపవచ్చు. కాని కొడుకు తల్లితో అన్న మాట కూడా ఆ ఉత్తరంలో ఉంది. "అమ్మీ, ఈ ఆటలో మోసానికి చోటే లేదు. సామాను అంతా అలా తయారుచేశారు. మోసం లేనప్పుడు, అందరూ ఇష్టపడి కూర్చున్నప్పుడు ఇంక తప్పెక్కడుంది?" ఇది ఒక్క ఆ కుర్రవాడి ప్రశ్న కాదు. పేకాట గురించి, ఫోన్లలో ఆడే ఆటల గురించి మన యువకులు ఇదే మాట అంటారు. కాబట్టి దాటవేయకుండా ఆలోచిద్దాం. ముందు ఆ పెట్టెలో ఏముందో చూడాలి.

ఆ ఆట పేరు మాజాంగ్. పంతొమ్మిదో శతాబ్దంలో చైనాలో రూపు దిద్దుకుంది. అక్కడి నింగ్‌బో నగరంలో దీని పుట్టుకకు గుర్తుగా ఒక మ్యూజియం కూడా ఉంది. 1920 దశకంలో అమెరికాలో ఈ ఆట వెర్రిగా వ్యాపించినప్పుడు, అమ్మేవాళ్లు దీన్ని సాక్షాత్తు కన్‌ఫ్యూషియస్ కనిపెట్టాడని ప్రచారం చేశారు. అది సరుకు అమ్ముకోవడానికి అల్లిన కథ తప్ప మరేమీ కాదు.

పూర్తి పెట్టెలో 144 బిళ్లలుంటాయి. మూడు జాతులు, ఒక్కో జాతిలో ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు, ప్రతి బిళ్లకు నాలుగు ప్రతులు. అలా 108. నాలుగు దిక్కుల గాలుల పేర 16. డ్రాగన్లని పిలిచేవి 12. పువ్వులు, ఋతువులు కలిసి 8. పాతకాలపు బిళ్ల ముందు భాగం ఎముకతో, వెనుక భాగం వెదురుతో ఉండేది. మేకు లేకుండా, వడ్రంగి గాడి కోసి రెండు చెక్కలు కలిపినట్లు ఆ రెంటినీ ఒకదానిలో ఒకటి బిగించేవారు. అమెరికాలో గిరాకీ పెరిగిన రోజుల్లో చికాగో కబేళాల నుంచి పశువుల ఎముకలు ఓడలకెక్కి షాంఘైకి వెళ్లి, బిళ్లలుగా మారి తిరిగి అమెరికా చేరేవి. ఇప్పుడు దాదాపు అన్నీ ప్లాస్టిక్ రకాలే.

ఆడేవారు నలుగురు. పద్ధతి మన వాళ్ల రమ్మీకి దగ్గరగా ఉంటుంది. చేతిలో 13 బిళ్లలు పెట్టుకొని, ఒకటి తీస్తూ ఒకటి వేస్తూ జట్లు కూర్చుకోవాలి. పద్నాలుగో బిళ్లతో ఎవరి కూర్పు ముందు పూర్తయితే వారు గెలిచినట్లు.

ఇక ఆ కుర్రవాడు చెప్పిన 'మోసానికి చోటు లేకపోవడం' దగ్గరికి వద్దాం. అతడు అబద్ధం చెప్పలేదు. పేకను ఒక్కడే కలుపుతాడు, ఒక్కడే పంచుతాడు. మాజాంగ్‌లో బిళ్లలన్నీ బల్ల మధ్య బోర్లించి నలుగురూ ఎనిమిది చేతులతో కలుపుతారు. ఆ చప్పుడు పిచ్చుకల కిలకిలలా ఉంటుంది కనుకనే ఆటకు చైనా భాషలో పిచ్చుక పేరు వచ్చిందని చెబుతారు. తర్వాత ప్రతివాడూ తన ముందు 36 బిళ్లలను రెండు వరుసల ఎత్తున, 18 జతల పొడవున గోడలా కడతాడు. నాలుగు గోడలూ కలిపి చతురస్రం చేస్తారు. తాను కట్టిన గోడలోంచే తాను తీసుకుంటే అనుమానానికి తావుంటుంది. అందుకని పాచికలు వేసి, గోడను ఎక్కడ పగులగొట్టాలో వాటి లెక్కతో నిర్ణయిస్తారు. ఎదుటివాడికి కనబడకుండా బిళ్లలు నిలబెట్టుకోవడానికి కొన్ని దేశాల్లో చెక్క పట్టీలు కూడా వాడతారు. వెదురు పీచు ఏ రెండు ముక్కల్లోనూ ఒకేలా ఉండదు. చురుకైన కన్ను ఆ పీచును బట్టి బిళ్లను గుర్తుపడుతుంది. ఒకే రంగు ప్లాస్టిక్ వీపుతో ఆ బెడద కూడా పోయింది.

ఆలోచించండి. ఇంత జాగ్రత్త దేనికి? పరస్పర విశ్వాసం ఉన్న నలుగురు అన్నం తినేటప్పుడు గిన్నె చుట్టూ గోడ కట్టరు. పక్కవాడు మోసం చేస్తాడేమోనన్న భయాన్నే ఈ పెట్టె చేసినవారు ఒక్కో పరికరంగా మలిచారు. పోనీ, ఆ భయానికైనా పూర్తి మందు దొరికిందా? అనుభవం ఉన్న ఆటగాడు బిళ్లను చూడకుండానే బొటనవేలితో తడిమి, చెక్కడాన్ని బట్టి అదేమిటో చెప్పేస్తాడు. 1970 దశకంలో జపాన్‌లో దానంతట అదే బిళ్లలు కలిపి గోడ కట్టి పైకి పంపే బల్ల వచ్చింది. బిళ్లల్లో అయస్కాంతాలుంటాయి. ఒక కట్టతో పైన ఆడుతుంటే, రెండో కట్ట బల్ల కడుపులో సిద్ధమవుతుంటుంది. మనిషి చెయ్యి తగలదు కనుక ఇక మోసమే లేదనుకున్నారు. తర్వాత ఆ యంత్రాలనే లోపల మార్పించి, కోరిన బిళ్లలు కోరినవాడికి వచ్చేలా చేసినవాళ్లను చైనా పోలీసులు పట్టుకోవలసి వచ్చింది.

ఆ బల్ల చేసిన మరో పని కూడా మనం గమనించాలి. చేత్తో బిళ్లలు కలిపి గోడ కట్టడానికి రెండు మూడు నిమిషాలు పట్టేది. ఆ విరామంలో మనిషి తల ఎత్తి గడియారం చూసేవాడు, ఇల్లు గుర్తుకు వచ్చేది. ఇప్పుడు ఒక ఆట ముగిసీ ముగియగానే కొత్త గోడ పైకి లేస్తుంది. జూదం అల్లాహ్ స్మరణ నుంచి, నమాజు నుంచి మనిషిని ఆపివేస్తుందని మాయిదా అధ్యాయం 91వ ఆయత్ హెచ్చరిస్తోంది. ఫోన్‌లో ఆడే ఆటల్లో ఆ రెండు నిమిషాల విరామం కూడా మిగలలేదు.

అయినా వాదన కోసం ఒప్పుకుందాం. సామాను నిర్దోషమైనది, నలుగురూ నిజాయితీపరులు, అందరి అవకాశం సమానం. అప్పుడు గెలిచిన డబ్బు గెలిచినవాడిదవుతుందా?

ఆ నలుగురూ తలా వంద రూపాయలతో కూర్చున్నారనుకోండి. లేచేటప్పుడు కూడా బల్ల మీద ఉండేది నాలుగు వందలే. ఒక గింజ పండలేదు, ఒక గుడ్డ నేయలేదు, ఒక రోగికి సేవ జరగలేదు. వ్యాపారంలో ఒకరు డబ్బు ఇచ్చి బియ్యం తీసుకువెళతారు, రెండోవారు బియ్యం ఇచ్చి డబ్బు తీసుకువెళతారు. ఇద్దరూ ఏదో ఒకటి చేత పట్టుకొని ఇంటికి వెళతారు. ఇక్కడ ఒకడి చేతిలో ఉన్నదంతా మరొకడి చేతిలో లేనిదే. పంచే పద్ధతి ఎంత న్యాయమైనదైనా, పంచుతున్నది ఎవరి పిల్లల తిండి అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. పద్ధతిలోని న్యాయం వేరు, ఆర్జనలోని న్యాయం వేరు. మొదటిది ఉంటే రెండోది దానంతట అదే వచ్చేస్తుందని అనుకోవడమే ఆ కుర్రవాడి పొరపాటు.

'అందరూ ఇష్టపడే కదా కూర్చున్నారు' అంటాడు అతడు. నిసా అధ్యాయం 29వ ఆయత్‌లో పరస్పర అంగీకారం ప్రస్తావన వస్తుంది. కాని అది వ్యాపారంతో ముడిపడి వస్తుంది, ఒకరి సొమ్ము ఒకరు అన్యాయంగా తినకూడదన్న ఆజ్ఞ వెనుక వస్తుంది. అసలు జూదగాడు దేనికి అంగీకరించాడు? ఓడిపోవడానికి కాదు. ఓడిపోయేది పక్కవాడన్న ఆశకు అంగీకరించాడు. నలుగురూ అదే ఆశతో కూర్చున్నారు. ఆట ముగిశాక ఓడినవాడి ముఖం చూస్తే అతడి అంగీకారం ఎంత గట్టిదో తెలుస్తుంది.

అజ్ఞాన కాలపు అరబ్బుల జూదం దీనికంటే ఉదారమైనది. ఒంటెను కోసి, పది బాణపు పుల్లలతో వాటాలు తీసేవారు. ఏడు పుల్లలకు ఒకటి నుంచి ఏడు వరకు వాటాలు, మూడు ఖాళీ. ఖాళీ పుల్ల వచ్చినవారు ఒంటె ధర కట్టాలి. గెలిచినవారు మాంసాన్ని తాము తినకుండా పేదలకు పంచి, అది తమ ఘనతగా చెప్పుకునేవారు. కరువు రోజుల్లో ఆ మాంసంతో ఎన్ని పొయ్యిలు వెలిగేవో! జూదంలో కొన్ని లాభాలున్నాయని బఖరా అధ్యాయం 219వ ఆయత్ ఒప్పుకుంటూనే, దాని పాపం లాభం కంటే పెద్దదని స్పష్టం చేసింది. పేదవాడి పొట్ట నింపిన జూదాన్నే అనుమతించని ధర్మం, 'మోసం లేదు' అన్న ఒక్క కారణంతో మరో జూదాన్ని అనుమతిస్తుందా?

అలాగని అదృష్టం మీద ఆధారపడిన ప్రతిదీ నిషిద్ధమేనా అంటే, కాదు. దైవప్రవక్త (స) ప్రయాణానికి వెళ్లేటప్పుడు తమ సతీమణులలో ఎవరిని వెంట తీసుకువెళ్లాలో చీట్లు వేసి నిర్ణయించేవారు. అందరి హక్కూ సమానమైనప్పుడు మనసు నొప్పించకుండా ఒకరిని ఎంచడానికి చీటీ మేలు చేస్తుంది. అక్కడ ఎవరి సొమ్మూ ఎవరికీ పోదు. బాణమూ అంతే. విలువిద్య పోటీలో బహుమతిని షరీఅత్ అనుమతించింది, వాటాల జూదంలో దాన్ని నిషేధించింది. రెండూ పుల్లలే.

కనుక దాదీ అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. 'దేని లెక్క?'

జపాన్‌లో ఈ పుల్లలు నాలుగు రకాలు. చుక్కల గుర్తులను బట్టి పదివేలు, అయిదువేలు, వెయ్యి, వంద పాయింట్లు. సాధారణంగా ఒక్కొక్కరు 25,000 పాయింట్ల పుల్లలతో మొదలుపెడతారు. అవి పాయింట్లే, డబ్బు కాదు. ఆట ఆడుతున్నంతసేపూ బల్ల మీద ఒక్క నోటు కూడా కనబడదు. 2020 మే నెలలో టోక్యో హైకోర్టు పరిధి ప్రాసిక్యూటర్ల అధిపతి కురోకవా హిరోము రాజీనామా చేశారు. కరోనా అత్యవసర పరిస్థితి అమలులో ఉండగా ముగ్గురు పత్రికల వాళ్లతో కూర్చొని డబ్బుకు మాజాంగ్ ఆడారన్నది కారణం. వెయ్యి పాయింట్లకు వంద యెన్‌లు వారి రేటు. అది పెద్ద మొత్తమేమీ కాదన్న మాట ప్రభుత్వం వైపు నుంచే వచ్చింది. చివరికి 2021లో ఆయనకు జరిమానా పడింది. నేరాలను కోర్టుకు ఎక్కించడమే వృత్తిగా గలవాడు, తన చేతిలోని పుల్ల కూడా నేరపు సాక్ష్యమేనని ఎలా మరిచిపోయాడు? మరిపించడమే ఆ పుల్ల పని. వందనోటు బల్ల మీద పెట్టడానికి వణికే చెయ్యి, ఎముక పుల్లను అవలీలగా తోసేస్తుంది. హాంకాంగ్‌లో లైసెన్సు తీసుకొని డబ్బుకు మాజాంగ్ ఆడించే ఇళ్లను 'పాఠశాలలు' అని పిలవడం కూడా ఇలాంటిదే. పేరు మారిస్తే మనసుకు భారం తగ్గుతుంది.

బిళ్లలే మరో సంగతి చెబుతాయి. మూడు జాతులని చెప్పాము కదా. గుండ్రటి చుక్కలు వెదురు బొమ్మల పక్కన అందంగా కనిపిస్తాయి. నిజానికి ఆ చుక్కలు చైనా పాత నాణేలు. వెదురు కణుపుల్లా కనిపించేవి తాడుకు గుచ్చిన నాణేల దండలు. మూడో జాతి మీద చెక్కిన అక్షరానికి అర్థం పదివేలు. నాణెం, నాణేల దండ, పదివేలు! పాత డబ్బు పేక నుంచి ఈ బొమ్మలు బిళ్లల మీదికి వచ్చాయి. డ్రాగన్లలో పచ్చ అక్షరం సంపద కలగాలన్న కోరికను సూచిస్తుందని అక్కడివాళ్లే చెప్పుకుంటారు.

ఇంత చెప్పాక, తప్పంతా వస్తువులోనే ఉందని తీర్పు చెప్పేయాలా? ఇక్కడ తొందరపడకూడదని మా ఉద్దేశం. 2007లో వచ్చిన విండోస్ విస్టా కంప్యూటర్లలో ఇవే బిళ్లలను జతపరిచే ఆట ఉండేది. మన పిల్లలు చాలామంది దాన్ని ఆడే ఉంటారు. అందులో పాచికలు లేవు, గోడ లేదు, పుల్లలు లేవు, ఎదురు కూర్చునే మనిషి కూడా లేడు. అవే 144 బిళ్లలు. దాన్ని జూదమని ఎవరంటారు? అది కాలాన్ని ఎంత తింటుందన్నది వేరే లెక్క. చైనాలో కూడా 1998లో క్రీడా శాఖ పందెం లేని మాజాంగ్‌కు అధికారిక నియమావళి తెచ్చింది. చదరంగం విషయంలో మన ఇమాముల మధ్య ఉన్న భేదం తెలిసిందే. పందెం లేకుండా, నమాజు తప్పకుండా ఆడేదాన్ని ఇమామ్ షాఫయీ (రహ్మలై) మక్రూహ్ అన్నారు, హరామ్ అనలేదు. హనఫీ ఉలమా ఇంకా కఠినంగా ఉన్నారు.

పాచికల సంగతి మాత్రం తేలికగా తీసుకోలేము. పాచికలతో ఆడే 'నర్ద్' గురించి ముస్లిం, అబూదావూద్ హదీసు గ్రంథాల్లో గట్టి హెచ్చరికలున్నాయి. మాజాంగ్‌లో పాచిక గెలుపోటములు నిర్ణయించదు, గోడ పగులగొట్టే చోటు మాత్రమే చూపిస్తుంది, కనుక అది నర్ద్ కంటే చీటీకే దగ్గర అని ఒకరు వాదించవచ్చు. వాదనలో పస ఉంది. కాని పాచికలకు బదులు చీటీతోనే ఆ పని కానిచ్చుకోవచ్చు గదా! అనుమానం లేని దారి పక్కనే ఉండగా అనుమానం ఉన్న దారిలో నడవడం ఎందుకు?

మన దేశ చట్టం కూడా ఈ చిక్కులో చాలాకాలం తిరిగింది. 1867 నాటి జూద చట్టం, అనుమానం మీద సోదా చేసిన ఇంట్లో పేకలు, పాచికలు దొరికితే ఆ సామానునే సాక్ష్యంగా తీసుకుంది. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి 'ఇది నైపుణ్యమా, అదృష్టమా' అన్న చర్చ మాటున ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో మన ఊళ్లకు తెలుసు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, నిషేధించింది. అంటే చట్టం కూడా చివరికి దాదీ ప్రశ్న దగ్గరికే వచ్చింది.

ఇప్పుడు పెట్టె సంగతి. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్‌హ్‌లో హిదాయా ప్రసిద్ధ గ్రంథం. ఒక ముస్లిం వాద్య పరికరాన్ని మరొకరు విరగ్గొడితే నష్టపరిహారం ఇవ్వాలా అన్న ప్రశ్న అందులో వస్తుంది. ఇవ్వాలంటారు ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై). ఎంత? వినోదానికి కాక మరో పనికి వచ్చే వస్తువుగా దాని విలువ ఎంతో అంత. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మలై) అసలు పరిహారమే లేదన్నారు. ఈ భేదాభిప్రాయంలో ఎంత వివేకం ఉందో చూడండి. ఒకే వస్తువులో రెండు విలువలున్నాయని ఇమామ్ గారు గుర్తించారు. చెక్క విలువ అల్లాహ్ సృష్టిలోనిది, దాన్ని ఎవరూ కాదనలేరు. ఆట విలువ మనిషి పెట్టింది.

అయితే హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఉదంతం కూడా మన ముందుంది. తమ ఇంటి గదిలో ఉంటున్నవారి దగ్గర నర్ద్ ఉందని తెలిసి, దాన్ని బయట పడేయకపోతే మిమ్మల్నే ఇంట్లోంచి పంపించేస్తానని ఆమె కబురు పెట్టారని ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి మువత్తాలో ఉంది. వారు పందెం కాశారా లేదా అని ఆమె విచారించినట్లు అందులో లేదు. ఇంటి పెద్దకు ఉండవలసిన జాగ్రత్త అది. ఈ రోజు పిల్లలు బొమ్మలు చూసి మురుస్తారు. రేపు నియమాలు నేర్చుకుంటారు. ఎల్లుండి ఎవరో ఒకరు 'ఊరికే ఆడితే మజా ఏముంది, పదేసి రూపాయలు పెట్టుకుందాం' అంటారు. జూదం ఆడుదాం రా అని నోటితో పిలిచినవాడిని దానధర్మం చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆట మొదలు కాకముందే, ఆ పిలుపుకే పరిహారం!

ఆ సోదరికి మేము ఇలా రాశాము. పాచికలూ పుల్లలూ ఇంట్లో ఉండకూడదు. వాటికి వేరే పని లేదు. బిళ్లలను ఆటకోసం కొనేవాడికి అమ్మవద్దు, ఆ డబ్బు మీ ఇంటికి వద్దు. సొరుగుల పెట్టె మంచి చెక్క అని మీరే రాశారు. దాదీ మందులకు, సూదులు దారాలకు అది చక్కగా పనికొస్తుంది. బిళ్లల విషయంలో ఉలమా భేదాన్ని చూపించి మేము మీ చేతులు కట్టివేయము. అయితే కళ్లముందు ఎదిగే పిల్లలున్న ఇంట్లో దాదీ అభిప్రాయానికే మా ఓటు. కొడుకును మాత్రం కోప్పడకండి. అతడు దాచిపెట్టకుండా తల్లి ముందు పెట్టాడు, ప్రశ్న అడిగాడు. బహుమతి ఇచ్చిన ఆ మేస్త్రీ కూడా తన దేశంలో పండుగ రోజు ఇంటిల్లిపాదీ ఆడుకునే వస్తువును మంచి మనసుతోనే ఇచ్చి ఉంటాడు. కొడుకు తిరిగి వెళ్లేటప్పుడు ఆయన కోసం బందరు లడ్డూల డబ్బా ఒకటి పంపించండి.